చెట్టు దిగిన బాపు

మా పెద్దబాపు దినాలకు మెదక్ పోయిన. పోవద్దనే అనుకున్న. సిద్దిపేటల బస్సెక్కినంక గూడ రామాయంపేట కాడ దిగి మళ్లిపోదామా అనిపించింది. మా బాపుకు సొంత అన్న, బాపు దిక్కు పెద్దోళ్లల్ల మిగిలింది ఆయనొక్కడే. పోకపోతే నలుగురు ఏమన్న అనుకుంటరని భయపడే వయసు కాదు నాది, బడి పిల్లలకు తెలుగు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని. కానీ ఆయన ఫొటోకు దండేసి పెడితే ఒక్కసారి ఎదురుంగ నిలవడి చూడాలని ఉండె. చూసిన. ఖిల్లా కింద మా పాత వాడల, ఆయన కట్టిచ్చిన మేడ ముంగట షామియానా ఏసిండ్రు. ఫొటోల తెల్ల అంగి, నొసట బొట్టు, సగం నవ్వు. బతికున్నప్పుడు గూడ ఆయన నవ్వు సగమే ఉండేది. తక్కిన సగం ఎదుటోడు నవ్వాలె.

మా గౌండ్లోళ్లల్ల దినాలనాడు సచ్చిపోయినోళ్లకు కల్లు సాక పోస్తరు. పెద్దబాపు కొడుకు శ్రీకాంత్ ఒక కొత్త లొట్టి పట్టుకోనొచ్చి ఫొటో ముంగట దించిండు. మీది గుడ్డ తియ్యంగనే వాసన నా దాక వచ్చింది. చెట్టు కల్లు వాసన. జర పులుపు, జర పచ్చి ఆకు, అడుగున ఎక్కడ్నో మట్టి. నా పక్కకు కూసున్న ముసలామె గూడ పసిగట్టింది.

"గిది యాడికెళ్లి తెచ్చిండ్రు కొడుకా? మన దిక్కు చెట్లెక్కడున్నయి?"

"నిజాంపేట దిక్కు ఒక ఊరుంది పెద్దమ్మా. అక్కడ ఇంకా గీస్తుండ్రు. నాయినకు రోజు అక్కడికెళ్లే వస్తుండె. చెట్టుది తప్ప ఆయనకు పడకపోతుండె. కంపౌండుది ఎన్నడన్న నోట్ల పోసుకున్నడా?" అన్నడు శ్రీకాంత్, నిష్టగ బతికిన మనిషి గురించి చెప్తున్నట్టు.

చుట్టున్నోళ్లు తలలూపిండ్రు. మెదక్‌ల ఎన్నో వాడలకు మందు కలిపిన కంపౌండు కల్లు తాగిపిచ్చిన మనిషి, దాన్ని తన నాలిక మీద మాత్రం పడనియ్యలేదన్న మాట. ఇన్నేండ్లు నాకు గా ముచ్చట తెల్వదు. ఆయన గురించి నాకు తెలిసినయి చానా ఉండె గానీ, గిదొక్కటి తెల్వదు. అది తెలిసినంక ఇంటికొచ్చి ఇది రాయకుంట ఉండలేకపోయిన.

మా ఇల్లు అదే వాడల ఉండె. ఇప్పుడు పెద్దబాపు మేడకు కారు పెట్టే జాగ ఉంది సూడండ్రి, గక్కడ. రెండు అర్రలు, ముంగట తడక కట్టిన వాకిలి. పొద్దుగాల నేను లేచేటాళ్లకు బాపు వాకిట్ల కూసోని కత్తి నూరుతుండేటోడు. చెక్క మీద పలుగురాళ్ల పిండి చల్లి, కత్తిని ఒకేతీరుగ అటు ఇటు రాస్తుంటే సర్ సర్ మని సప్పుడు. ఆ సప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. బాపు పేరు కిష్టాగౌడ్. వాడకట్టంత కిష్టన్న అనేటోళ్లు. ఆయన రొమ్ము చెట్టుకు రాసుకోని రాసుకోని నల్లగ మొద్దుబారి ఉండేది. చిన్నప్పుడు నేను దాని మీద గోటితోని గీరితే ఆయనకు తెలిసేది గూడ కాదు. నడుముకు తోలు ముస్తాదు కట్టుకోని, భుజానికి మోకు ఏసుకోని పోతుంటే ఆయన ఎనక తోలు వాసన, తాటి బెరడు వాసన కలిసి పోయేటియి. ఎక్కే ముందట చెట్టుకు చెయ్యి తాకిచ్చి కండ్లకద్దుకునేటోడు. దిగినంక ఒక్కసారి మీదికి చూసేటోడు. ఎందుకు బాపూ అంటే, "పెట్టిన ముంత సక్కగున్నదో లేదో" అనేటోడు. అది నిజమో కాదో నాకు తెల్వదు.

మా అమ్మను నేను అవ్వ అనేదాన్ని, ఆమె పేరు పోశవ్వ. బాపు ఎంత మెత్తగుంటే ఆమె అంత గట్టిది. లొట్లన్నిటిని కడిగి, ఎండకు ఆరవెట్టి, పిడకల పొగ పట్టిచ్చే పని ఆమెది. మా ఇంట్ల గోడలకు, బొంతలకు, నా బడి సంచికి గూడ గా పొగ వాసనే. బడిల నా పక్కన కూసునే పిల్ల ముక్కు మూసుకునేది. నేను ఇంటికొచ్చి ఏడిస్తే అవ్వ, "గా పొగతోనే నీకు పలక వచ్చింది, పుస్తకం వచ్చింది. ముక్కు మూసుకుంటే మూసుకోనియ్యి, నువ్వు మాత్రం నోరు మూసుకోకు" అని గదిమింది.

కాలువ గట్టు పొంటి తాటిచెట్ల నడుమ మా కల్లు మండువ ఉండేది. మండువ అంటే గోడలు లేవు, కప్పు లేదు. కింద ఊడ్చిన నేల, కూసోనీకె నాలుగు బండలు, అంతే. నాట్లేసి వచ్చిన ఆడోళ్లు నడుముకు దోపిన కొంగు గూడ తియ్యకుంటనే కూలవడేటోళ్లు. మగ్గాల కాడికెళ్లి సాలోళ్లు వచ్చేటోళ్లు. మొగోళ్లు ఆడోళ్లు ఎవల గుంపు వాళ్లది. దొప్పల పోస్తే తాగేది, కొంగుల కట్టుకొచ్చిన ఉడికిన శనగ గుడాలు బుక్కేది. పెండ్లి మాటలు, బర్ల బేరాలు, అత్తాకోడండ్ల కొట్లాటలు అన్నీ అక్కడే తెగేటియి. అంతా మంచిగనే ఉండె అని నేను అబద్ధం రాయను. తాగొచ్చి పెండ్లాన్ని కొట్టినోళ్లు మా వాడల ఉండె. తాగి కాలువల పడ్డోడు గూడ ఉండె. కానీ అవ్వకు ఎవలకు ఎంత పొయ్యాల్నో తెలుసు. పెండ్లాన్ని కొట్టొచ్చినోన్ని మండువల కూసోనియ్యకపోతుండె. "పో, ఆమె కాళ్లు వట్టుకోని రాపో, అప్పుడు పోస్త" అని అందరి ముంగట అనేది. వాడు అటు పోలేక ఇటు కూసోలేక నిలవడేటోడు. ఎండకాలం ఒక రుచి, చలికాలం ఒక రుచి, నడుమ కొన్ని దినాలు కల్లే ఉండకపోవు. లేనప్పుడు లేదు. ఎవలు పరేషాన్ కాకపోదురు. ఇంటికి పోయి గట్క తాగి పండుకునేటోళ్లు.

పెద్దబాపు సత్తాగౌడ్ గూడ మొదట్ల చెట్లెక్కినోడే. అన్నదమ్ములిద్దరు ఒకే గట్టు మీద గీసిండ్రు. కానీ ఆయనకు చెట్టు మీద మనసు లేకుండె. కల్లు దుకాణాలకు వేలంపాటలు షురూ అయినంక ఆయన పైనోళ్లతోని తిరుగుడు, తెల్ల అంగి తొడుగుడు మొదలువెట్టిండు. బస్టాండు రోడ్డుకు రేకుల షెడ్డు ఏసి, చుట్టు గోడ కట్టి, కంపౌండు తెరిసిండు. లొట్లు పోయినయి, సీసలు వచ్చినయి. ఎండకాలమైనా వానకాలమైనా ఆ సీసలల్ల ఒకటే రంగు, ఒకటే రుచి, ఎన్నడు లేదన్న మాట లేదు.

ఒకనాడు పెద్దబాపు మా ఇంటికొచ్చిండు. నేను అప్పటికి పెద్దపిల్లనే, పొయ్యి కాడ రొట్టె చేస్తున్న. వాకిట్ల మంచం ఏసి కూసోవెట్టినం. ఆయన బుడ్డసంచి లెక్కటిదొకటి తీసి బాపు ముంగట పెట్టిండు. తెల్ల పిండి.

"గిది జరంత, గంతే. బిందెడు నీళ్లు గలిపినా తెల్వది. నువ్వు చెట్టెక్కి నడుము ఇరగ్గొట్టుకునుడెందుకు తమ్మీ? మండువ బందువెట్టు. నా తోని రా."

బాపు దాన్ని ముట్టలె. "గిదేందన్నా?"

"మత్తుది. అందరు కలుపుతుండ్రు. నేనొక్కన్నేనా?"

"మత్తు కల్లుల ఉంటది గదా. మళ్ల ఇదెందుకు?"

పెద్దబాపు నవ్విండు. "నీ కల్లు తాగి రేపు రావాల్నా వద్దా అని వాడు ఆలోచన చేస్తడు. గిది తాగినోనికి ఆలోచన ఉండది. వస్తడు."

బాపు ఆ సంచిని మెల్లగ అన్న దిక్కు జరిపిండు. "మన తాత గీసిన చెట్లన్నా అవి. వాటి కింద కూసోని నేను గిది పొయ్య" అన్నడు. పెద్దబాపు లేచి, "చెట్లు నీకు బువ్వ పెడ్తయేమో సూస్త" అనుకుంట పోయిండు. ఆనాటి సంది అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకే వాడల ఉండుకుంట, ఎదురైతే ఒకరు తల దించుకోని, ఒకరు తల ఎత్తుకోని పోయేటోళ్లు.

నేను మా పెద్దబాపు మీద కోపం పెట్టుకున్న, అది నిజమే. కానీ నన్ను అంతకంటె ఎక్కువ కాల్చినోళ్లు మా మండువకు వచ్చేటోళ్లు. ఒక్కొక్కలు రాకడ తగ్గిచ్చిండ్రు. ఒక సాలాయిన, బాపుతోని చిన్నప్పటి సంది తిరిగినోడు, ఒకనాడు దొప్ప కింద పెట్టి ఆఖరుకు చెప్పిండు. "కిష్టన్నా, ఏమనుకోకు. నీ కల్లు మంచిదే. కానీ ఎక్కుతలేదు." మంచిది గనుకనే ఎక్కుతలేదని ఆయనకు తెల్వకనా? తెలుసు. తెలిసే పోయిండు. ఆయన ఎనక తక్కినోళ్లు పోయిండ్రు. సాయంత్రానికి లొట్లు నిండ కల్లు మిగిలేది. బాపు వాటిని ఒక్కొక్కటే ఎత్తి కాలువ గట్టున పారవోస్తుంటే, పులిసిన వాసన వాడ దాక వచ్చేది. తెల్లారి మళ్ల కత్తి నూరేటోడు. ఎవల కోసం గీస్తున్నవని అవ్వ ఒర్రేది. "గీయకపోతే చెట్టు ఎండుతది" అనేటోడు.

ఇల్లు గడువాలె గదా. అవ్వ పెద్దబాపు కంపౌండుల గుడాలు అమ్మనీకె పోయింది. బాపు వద్దనలె, పొమ్మనలె. ఆనాడు అన్నం ముంగట కూసోని ముద్ద కలిపి, కలిపి, లేచి పోయిండు. అవ్వ మొదట్ల గుడాలు ఉడకవెట్టుకోని గంప నెత్తిన పెట్టుకోని పోయి, పొద్దూకంగ వచ్చేది. వచ్చినంక కంపౌండు ముచ్చట్లు చెప్పి నవ్విచ్చేది. "సత్తన్న కొట్టుల ఆడోళ్లు తాగి గోడకు ఒరిగి అక్కడ్నే పండుకుంటుండ్రే లచ్చీ, పసిపిల్లలు ఒళ్లె ఏడుస్తున్నా లేస్తలేరు" అని ఒకసారి చెప్పి నవ్వకుంట ఊకుంది. మెల్లమెల్లగ ముచ్చట్లు తక్కువైనయి. ఎండల నడుమ ఒక సీస, అలుపు తీరనీకె. తర్వాత పొద్దుగాల ఒకటి, చేతులు వణుకుతున్నయని. గుడాలల్ల ఉప్పు ఎక్కువో తక్కువో ఆమెకు తెలుస్తలేకుండె. నోటి మీద ఎవల్ని నిలవడనియ్యని మా అవ్వ, పలకరిస్తే జర ఆగి, ఎవలో దూరం నుంచి అడిగినట్టు సూసి జవాబిచ్చేది. ఇంట్ల పొగ వాసన పోయింది. పొయ్యి నాకు వచ్చింది. ఆమె జుట్టు నేను దువ్వి ముడేసేదాన్ని. దువ్వుతుంటే చిన్నపిల్ల లెక్క తల ముంగటికి వాలేది.

గప్పుడు ఆబ్కారోళ్లు దాడులు చేసిండ్రు. ఎక్కడ్నో ఏదో ఊర్ల కల్లు తాగి మనుషులు పోయిండ్రని గొడవైంది. పొద్దున కంపౌండు తెరవలె. తాళం ఏసి ఉండె. మా పెద్దబాపుది ఒక్కటే కాదు, అన్నీ. మా వాడల కొందరు సంబురపడ్డరు. నేను గూడ పడ్డ. దేవుడు సూసిండనుకున్న.

మర్నాటికి వాడ వాడంత తలకిందులైంది. ఎవలి ఇంట్ల చూసినా వణుకుడు, ఒర్రుడు. సాలాయిన తన మగ్గం మీది నూలంత తెంపి మెడకు చుట్టుకోని రోడ్డు మీద ఉరుకుతుంటే నలుగురు పట్టుకొచ్చి మంచానికి కట్టేసిండ్రు. మా అవ్వ గోడ మీద చీమలు పాకుతున్నయని చేతుల్తోని గోడను గీరుడు షురూ చేసింది. గోర్లు ఇరిగి రక్తమొచ్చినా ఆగలె. మెడ ఒక పక్కకు గుంజుకపోయింది. నన్ను జూసి, "ఎవలే నువ్వు? నా బిడ్డ బడికి పోయింది, వచ్చేటాళ్లకు పో ఈడికెళ్లి" అన్నది. నేను బిడ్డనే అవ్వా అంటే ఉమ్మి ఊంచింది.

బాపు, నేను ఆమెను రిక్షాల ఏసుకోని దవాఖానకు పోయినం. వరండాల చాపలు పరిచిండ్రు, జాగ లేదు. అందరు మా లెక్కటోళ్లే. డాక్టరమ్మ ఒక్కొక్కల కాడ మోకాళ్ల మీద కూసుండి చూస్తుంది, ఆమె చీర కుచ్చెళ్లు మట్టి కొట్టుకపోయినయి.

"ఇది ఉత్త కల్లు అలవాటు కాదయ్యా" అన్నది బాపుతోని. "అందుల కలిపిన మందుకు ఒళ్లు అలవాటు పడింది. ఒక్కసారే బందైతే పానం మీదికొస్తది. మెల్లగ తగ్గించుకుంట రావాలె. నేను సూది ఇస్త, కానీ ఇంతమందికి నా కాడ సరిపోదు. హైదరాబాద్ తోల్కపోగలుగుతవా?"

బాపు తల అడ్డంగ ఊపిండు. ఆ సూదితోని అవ్వ జరసేపు పండుకుంది. మా ఎదురింటి మనిషి, మా అవ్వ కంటె చిన్నోడు, ఆ వరండాలనే పోయిండు. ఆయన పెండ్లాం ఏడుస్తుంటే మా అవ్వ లేచింది. లేచి మళ్ల గోడ దిక్కు జరిగింది.

తెల్లారి బాపు కత్తి నూరలె. మొఖం కడుక్కోని, తలకు రుమాలు చుట్టుకోని, "నడు బిడ్డా" అన్నడు. ఎటు అని నేను అడగలె. పెద్దబాపు ఇంటికి పోయినం. ఆయన గడప మీద కూసోని పండ్లపుల్ల నములుతుండు. బాపు కింద మెట్టు కాడ్నే ఆగిండు.

"అన్నా, పోశి బతికేటట్టు లేదు. నీ కాడ ఉంటది. ఒక్క సీస ఇయ్యి."

పెద్దబాపు పుల్ల నమిలి ఊంచిండు. "నా కంపౌండుకు తాళమేసిండ్రు గదనే. నేనెక్కడ తేవాలె?"

"నీ కాడ ఉంటదన్నా" అన్నడు బాపు మళ్ల.

ఉండె. మాకు తెలుసు, ఆయనకు తెలుసు. పెద్దబాపు లోపలికి చూసి, నా దిక్కు చూసి, గొంతు తగ్గిచ్చిండు. "వారం తిరిగినంక తాళం తీస్తరు. కానీ జనం భయపడ్డరు తమ్మీ. సత్తాగౌడ్ కల్లుల విషముందని అంటుండ్రు. నువ్వొచ్చి గల్లా కాడ కూసో. కిష్టన్న కూసున్నడంటే అది చెట్టుదే అని నమ్ముతరు. నీకు పని లేదు, ఏం లేదు. కుర్చీల కూసునుడే."

మా బాపు చెట్టు మీదికెళ్లి జారిన దినం గూడ నేను సూసిన. మోకు తెగి, సగం దాక రాసుకుంట వచ్చి, రొమ్మంత చీరుకపోయి కిందవడ్డడు. అప్పుడు గూడ ఆయన మొఖం అట్ల కాలె. ఆయన తలకున్న రుమాలు విప్పిండు. మడతవెట్టి చేతుల పట్టుకున్నడు.

"సరే" అన్నడు.

పెద్దబాపు లోపలికి పోయి సీస తెచ్చిండు. బాపు దాన్ని ఆ రుమాలల చుట్టుకోని, వాడ నడుమ కెళ్లి, దొంగతనం చేసి తెచ్చినోని లెక్క గోడ పొంటి నడిచిండు. ఇంటికొచ్చి అవ్వ తలను ఒళ్లె పెట్టుకోని, ఎన్నడు ముట్టనన్న దాన్ని తన చేతితోని ఆమె నోట్ల జరజర పోసిండు. అవ్వ గుటకేసింది. మెల్లగ వణుకుడు తగ్గింది. మెడ సక్కగైంది. "కిష్టయ్యా, పొద్దెక్కిందా? చెట్ల మీదికి పోలేదా?" అని అడిగింది, సొంత గొంతుతోని. బాపు ఆమె నుదురు తుడిసి, "ఇయ్యాల పోను" అన్నడు.

మళ్ల ఎన్నడు పోలె. కంపౌండు తెరిసిన పొద్దు, పెద్దబాపు తెచ్చిచ్చిన తెల్ల అంగి తొడుక్కోని మా బాపు గల్లా ఎనక కూసున్నడు. జనం గోడ దాక వచ్చి తొంగి చూసిండ్రు. "కిష్టన్నేనా?" "కిష్టన్నే." లోపలికి వచ్చిండ్రు. అంతకుముందు ఎన్నడు కంపౌండు మొఖం చూడనోళ్లు గూడ కొందరు వచ్చిండ్రు, కిష్టన్న ఉన్నడంటే మంచి కల్లే అయితదని. బాపు ఎవలకు మంచిదని చెప్పలె, చెడ్డదని చెప్పలె. సీస ఇచ్చేటోడు, చెయ్యి జాపేటోడు. కాలువ గట్టు మీది చెట్లు గీసేటోడు లేక ఎండినయి. కొన్నిటిని ఇటుక బట్టీలోళ్లు కొట్టుకపోయిండ్రు. ముస్తాదు ఎవలో అడిగితే ఇచ్చిండు. వాళ్లు తిరిగియ్యలె, ఈయన అడగలె.

నా చదువు గా కుర్చీ మీదనే నడిచింది. టీచర్ ట్రైనింగ్, పెండ్లి, సిద్దిపేటల కొలువు. అవ్వ చానా ఏండ్లే బతికింది, బతుకుడంటే అట్ల. పొద్దుగాల కొంచెం, పగలు కొంచెం. ఆమె పోయినప్పుడు కార్యమంత అయినంక, తెల్లారే బాపు అంగి తొడుక్కుంటుంటే నాకు మనసు ఆగలె.

"బాపూ, అవ్వ కోసమే కదా పోయినవు. అవ్వ లేదు ఇగ. ఎందుకు పోతున్నవు?"

ఆయన గుండీలు పెట్టుకునుడు ఆపిండు. "మీ అవ్వ లెక్కటోళ్లు ఎంతమందున్నరో తెలుసా నీకు? నన్ను జూసి అలవాటైనోళ్లు గూడ ఉన్నరు. నేను లేచొస్తే వాళ్ల అలవాటు పోతదా బిడ్డా?"

"నువ్వు కూసుంటే పోతదా?"

ఆయన ఆఖరు గుండీ పెట్టుకోని పోయిండు. గా కుర్చీలనే పోయిండు గూడ, ఒకనాడు మధ్యాన్నం. గోడకు తల ఆనిచ్చి కండ్లు మూసుకుంటే నిద్రవోతున్నడనుకున్నరట. సీసలు వాళ్లే తీసుకోని తాగి పోయినోళ్లు ఎంతమందో. కిష్టన్న నిద్ర చెడగొట్టవద్దని సప్పుడు చెయ్యలేదట. ఆ మాట నాకు ఎంతో గౌరవంగ చెప్పిండ్రు.

ఇప్పుడు మెదక్‌ల చూస్తే, రేకుల కంపౌండులు ఇంకా కొన్ని ఉన్నయి. సారా పాకిట్లు వచ్చి పోయినయి. వైన్సులు, వాటి పక్కన పర్మిట్ రూములు, కిరాణం కొట్ల బెల్టు షాపులు. పొద్దు తిరక్కముందే వాటి కాడ మోటర్ సైకిళ్లు నిలవడి ఉంటున్నయి. లోపల చీకటి, టీవీ, ఎవల మొఖం ఎవలు చూడరు. పెండ్లాన్ని కొట్టొచ్చినోన్ని అక్కడ ఎవలు అడుగుతరు? పైసలిస్తే ఎవలకన్న పోస్తరు. మా అవ్వ మండువల అందరి ముంగట ఒకన్ని సిగ్గు పరిచిన దినం గుర్తొస్తే, తాగే జాగ గూడ ఒక ఊరి పంచాయతే అప్పుడు అనిపిస్తది. కానీ దాన్ని పోగొట్టింది బయటోడెవడో కాదు. మా ఇంటోడు పోగొట్టిండు. మా పక్కింటోళ్లు, మంచిదని తెలిసీ ఎక్కుతలేదన్నోళ్లు పోగొట్టిండ్రు.

దినాలనాడు బువ్వలైనంక శ్రీకాంత్ నా పక్కకొచ్చి కూసున్నడు. మంచి పిల్లగాడే, రియల్ ఎస్టేట్, కొంచెం రాజకీయం. "అక్కా, హైదరాబాద్ నుంచి వచ్చే రోడ్డు మీద ఒకటి పెడుతున్న. ఉత్త చెట్టు కల్లు. సిటీ జనం ఎగవడుతుండ్రు దానికి. చిన్నబాపు ఫొటో ఉందా నీ కాడ? చెట్టెక్కుతున్నది. ఆయన పేరే పెడదామనుకుంటున్న."

"చెట్టెక్కుతున్నది లేదు తమ్మీ. గల్లా కాడ కూసున్నది ఉంది, కావాల్నా?"

శ్రీకాంత్ నవ్విండు. "గదెందుకక్కా."

"చెట్టెక్కంగ తీద్దామంటే మీ నాయిన ఆయన్ను దించిండు కదా" అన్న. శ్రీకాంత్ మొఖం మాడింది. నేను చేతులు కడుక్కోని బస్టాండుకు నడిచిన.

ఇది రాస్తుండంగనే నెలలు గడిచినయి. మొన్న శివ్వంపేటల మా ఆడిబిడ్డ ఇంటికి పోయొస్తుంటే ఆటో అతను నీళ్లు తాగనీకె ఒక కాడ ఆపిండు. రోడ్డు పక్కకు పచ్చగడ్డి, వెదురు బొంగుల గుడిసెలు, వరుసగ కార్లు. మీద పెద్ద బోర్డు: కిష్టాగౌడ్ చెట్టు కల్లు. పక్కన బొమ్మ. నడుముకు మోకు, బుర్ర మీసాలు, కండలు దిరిగిన మనిషి. మా బాపు బక్కోడు, మీసాలు గూడ పలుచగుండేటియి. లోపలికి పోయిన. మట్టి గ్లాసులల్ల పోస్తుండ్రు. తక్కువ ధర కాదు. మా వాడోళ్లు ఎవలు కొనేటట్టు లేదు. గడ్డి కోసే ఆడోళ్లు గేటు అవతల కూసోని సద్ది తింటుండ్రు.

ఒక సిటీ జంట కాడ నిలవడి మేనేజర్ చెప్తుండు. మధ్య వయసు మనిషి, మెడల ఐడీ కార్డు. "మా ఓనర్ గారి చిన్నాన్న సార్ ఆయన. జీవితాంతం చెట్టు కల్లు తప్ప వేరేది అమ్మలేదు. కల్తీ అంటే ఒప్పుకునేవాడు కాదు. చివరికి చెట్టు మీద నుంచి పడే చనిపోయారు సార్."

"అయ్యో, పాపం" అన్నది ఆమె, బొమ్మ దిక్కు చూసుకుంట.

"పడలె" అన్న నేను.

ముగ్గురు మళ్లి చూసిండ్రు. నా గొంతు నాకే గట్టిగ వినవడ్డది, బడిల లెక్క.

"ఆయన చెట్టు మీదికెళ్లి పడలె. కంపౌండుల కుర్చీల కూసోని సచ్చిపోయిండు. మందు కల్లు అమ్ముకుంట. ఆయన్ను అక్కడ కూసోవెట్టింది మీ ఓనర్ తండ్రి."

"మీకెలా తెలుసండీ?" అన్నడు సిటీ ఆయన.

"నేను ఆయన బిడ్డను."

సిటీ ఆమె చేతిల గ్లాసును కిందికి పైకి చూసి, తాగాల్నో వద్దో తెల్వనట్టు పట్టుకున్నది. మేనేజర్ ఉరికొచ్చి, "అమ్మా, కూర్చోండి, మీరు కూర్చోండి. ఒక గ్లాసు తెప్పిస్త. మీ దగ్గర పైసలు ఎందుకు తీసుకుంటం" అని కుర్చీ లాగిండు. నేను కూసోలె. ఆటో కాడికొచ్చి ఎక్కిన. ఆటో అతను ఇంకా నీళ్ల బాటిల్ మూత తిప్పుతుండె. ఎనకకెళ్లి ఒక కారొచ్చి ఆగింది, నలుగురు దిగిండ్రు. మేనేజర్ ఒకసారి నా దిక్కు చూసి, మొఖం సవరించుకోని, వాళ్లకు ఎదురు పోయి బోర్డు దిక్కు చెయ్యి చూపిచ్చి మళ్ల మొదటికెళ్లి చెప్పవట్టిండు.